చుక్క తర్వాతి అంకె

సెటిల్‌మెంట్ కాగితం మీద
ఒకటి, ఒక చుక్క, ఆ పక్కన డెబ్భై ఎనిమిది.
"అరవై నాలుగు రావాలమ్మా" అన్నాడు జిలానీ,
కంపెనీ సూపర్‌వైజరు, బండి దిగకుండానే.
కిలో కోడికి ఎన్ని కిలోల దాణా పోశానో
చెప్పే అంకె అది.
నా కూలి ఆ చుక్క తర్వాతే ఉంటది.

మా చిన్నదాని లెక్కల పుస్తకం వెనక అట్ట మీద
గుణించి, తీసేసి, మళ్లీ గుణించి చూశా.
నాలుగు వేల కోళ్ల మీద
ఇరవై నాలుగు బస్తాల తేడా.
తాళం వేసిన షెడ్డు, కుక్క కాపలా.
అంత సరుకు యాడికి పోయినట్టు?

దొంగను పట్టేదానికి రాత్రిళ్లు షెడ్డులోనే కూర్చున్నా.
కందుకూరు రోడ్డు మీద
లారీల మోత సద్దుమణిగినాక
ముందు ఎలకలు దొరికినై.
మా మామ పొగాకు కాల్చిన బేరన్‌లో
ఇప్పుడు దాణా బస్తాలు.
వాటికి గ్రేడింగు లేదు, వేలం లేదు,
కుటుంబాలు కుటుంబాలుగా
నాణ్యమైన సరుకే తింటున్నై.
అయినా ఎలక ఎంత తింటది?
రెండు బస్తాలనుకో.

తర్వాత గిన్నె కింద ఊకలో చెయ్యిపెట్టా.
గుప్పెడు.
పక్క గిన్నె కిందా గుప్పెడే.
ఎనభై గిన్నెలు.
నెలకి అయిదు బస్తాలు నేలే మింగుతోంది.
గీరడం కోడి పుట్టుక,
దాన్నేమంటాం?
తప్పు తాడుది.
గిన్నె అంచు కోడి వీపుకి సమంగా ఉండాల.
వీపు రోజూ పెరుగుద్ది.
తాడు పెరగదు,
నేను లేచి ముడి మార్చాల.

మిగతాది ఎండ తిన్నది.
మధ్యాన్నం పూట తిన్న గింజ
కండకి పోదు, రొప్పుకి పోద్ది.
నాలుగు వేల ముక్కులు తెరుచుకుని
నా దాణాని గాలిలోకి ఊదేస్తుంటే
గోనెపట్టాలు తడుపుతూ విన్నా.
ముప్పై అయిదో రోజున పడిపోయిన కోడి
రెండున్నర కిలోల మేతతో సహా
గుంటలోకి పోయింది.

ఆ బ్యాచికి పద్ధతి మార్చా.
పదకొండింటికి గిన్నెలు పైకి,
చల్లబడ్డాక కిందికి,
తెల్లారుజామున మూడింటికి లైటు, మేత.
కారే నిప్పిళ్లకి కొత్త రబ్బర్లు.
ఊక గడ్డకడితే అప్పుడే తిరగేసుడు.
మా ఆయన మాలకొండయ్య నిద్రకళ్లతో
"కోళ్లకన్నా నాకే బరువు తగ్గుతోందే" అన్నాడు.
అన్నం తినేటప్పుడు
ఆయన కంచం చుట్టూ పడే మెతుకుల్ని
నేను ఎట్టా చూశానో ఏమో,
మాట్లాడకుండా
కంచాన్ని పీట మీదికి ఎత్తుకున్నాడు.

ముప్పై తొమ్మిదో రోజు జిలానీ ఫోను:
"రాత్రికి లారీ వస్తది, సాయంత్రం నుంచి మేత ఆపండి.
పొట్టలో అరగని దాణాకి
ఎవరూ డబ్బులియ్యరు."
అన్నాళ్లూ వీపు ఎత్తుకి
వేలు పెట్టి కొలిచి కట్టిన చేత్తోనే
మెడకి అందని ఎత్తుకి కట్టా.
అవి గిన్నెల కింద నిలబడి
పైకి చూసినై.
కాసేపటికి అలవాటుగా
ఊకని గీరుకోడం మొదలుపెట్టినై.
అక్కడ ఈసారి
ఒక్క గింజా లేదు.

కాగితం వచ్చింది.
ఒకటి, చుక్క, అరవై ఆరు.
"ఇంకో రెండు పాయింట్లు" అన్నాడు జిలానీ,
ఈసారి బండి దిగి, మజ్జిగ తాగి.

సున్నం కొట్టిన షెడ్డులో
మా ఆయన కొత్త ఊక పరుస్తున్నాడు.
నేను తాళ్లు విప్పుతున్నా.
ముడి పడ్డ ప్రతిచోటా
తాడు మీద నలిగిన గుర్తుంది.
కింద నుంచి పైకి లెక్కపెడితే
మూరెడు కూడా లేదు
ఒక కోడి ఆయుష్షు.

లెక్కపెట్టడం ఆపి
గిన్నెలన్నీ నేలకి దించా.
రేపు పొద్దున పిల్లలొస్తున్నై.